తెలుగువారి పెరటి దోస: పేరు, పాదు, విత్తనము

నిఘంటువులో ఒక మాట కెదుట మఱియొక భాషలోని మాటను వ్రాసినంతనే ఆ రెండును ఒకే వస్తువును చెప్పునని తలంచుట మన కలవాటు. లోహముల విషయమున ఈ యలవాటువలన పెద్ద హాని లేదు. పెరటి మొక్కల విషయమున మాత్రము ఇది చరిత్రను ప్రక్కదారి పట్టించును. 'దోస' యను మాట ఇందులకు మంచి నిదర్శనము. 1852లో వెలువడిన సి. పి. బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మొదలుకొని నేటి బడిపుస్తకముల వఱకు దోసకాయ యనగా 'కుకుంబరు' అనియే అర్థము చెప్పబడుచున్నది. కాని తెలుగు ఇంటి పప్పులో ఉడుకునట్టిదియు, ఆవకాయలో ఊరునట్టిదియు నగు పసుపువన్నె గుండ్రని దోస, వృక్షశాస్త్రము ననుసరించి చూచినచో, కుకుంబరు కాదు. అది ఖర్బూజ జాతికి చెందినది. మన మిప్పుడు 'కీర' యని పిలుచు ఆకుపచ్చని కాయయే కుకుంబరు.

ఇది పేర్ల తగవు మాత్రమే యని కొందఱు భావింపవచ్చును. అట్లు కాదు. ఏ మొక్క ఏ మొక్కతో సంకరమగును, ఏది ఏ దాని ప్రక్కన నాటిన విత్తనము చెడును అనునది ఈ భేదముపై ఆధారపడి యున్నది. తరతరములుగా పెరటిలో నిలిచివచ్చిన నాటు దోస నిలుచుటయో నశించుటయో దీనివలననే తేలును. తెలుగు పేర్లలో ఈ భేదము చాలవఱకు భద్రముగా నుండెననియు, అనువాదములందే అది మఱుగుపడెననియు ఈ వ్యాసమున నిరూపింప యత్నింతును.

1

మొదట రెండు జాతుల భేదమును స్పష్టపఱచుకొనవలెను. లిన్నేయసు 1753లో ప్రకటించిన వృక్షజాతుల గ్రంథమున 'కుకుమిస్ సటైవస్' అనియు, 'కుకుమిస్ మెలో' అనియు రెండు జాతులను వేఱువేఱుగా పేర్కొనెను. మొదటిది కీర, రెండవది ఖర్బూజ మొదలగు వాని జాతి. రెండును ఒకే కుటుంబములోనివి, ఒకే ప్రజాతిలోనివి. రెండింటికిని నులితీగలు, పసుపుపచ్చని పూవులు గలవు. లేతకాయలు చూచుటకు ఒకదాని నొకటి పోలియుండును. కాని కీర కణమున 14 క్రోమోసోములును, ఖర్బూజ జాతి కణమున 24 క్రోమోసోములును ఉండును. కావున ఈ రెంటికిని పెరటిలో సంకరము కలుగదు. తుమ్మెద ఎన్ని మారులు తిరిగినను ఒకదాని పుప్పొడి మఱియొకదానిని ఫలింపజేయజాలదు.

పెరటిలో నిలిచి చూచువారికి క్రోమోసోములు కనబడవు గాని ఆకులు కనబడును. కీర ఆకు కోణములు దేఱి మొనలు గలిగి యుండును. దోస ఆకు గుండ్రదనము గలిగి, అంచులు మొద్దుగా నుండును. కీర పిందెపై చిన్న బొడిపెలును వానిపై ముండ్లును ఉండును. దోస పిందెపై మెత్తని నూగు ఉండును. ముదిరిన కీర గింజలు బలిసి పెంకు గట్టిపడి కూరకు పనికిరాకుండ బోవును. దోస ముదిరిన తరువాతనే పప్పునకు ఉచితమైన పులుపును గట్టిదనమును సంతరించుకొనును.

ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు షార్ల్ నోదాఁ పారిసులో అనేక దేశముల విత్తనములను నాటి, సంకరములు చేసి చూచి, 1859లో ఖర్బూజ జాతిని పది తెగలుగా విభజించెను. వానిలో ఒక తెగకు అతడు పెట్టిన పేరు 'అసిడ్యులస్'. ఇంచుక పులుపు గలది యని ఆ లాటిను మాటకు అర్థము. మన పప్పుదోస ఈ తెగకు చేరినదని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మంగళూరు ప్రాంతమున సాంబారున వాడు దోసయు, కేరళమున విషు పర్వదినమున కణియందు నిలుపు బంగారు వన్నె వెళ్ళరికాయయు ఈ జాతిలోనివే. తీపియు పరిమళమును లేకపోవుటచే దక్షిణదేశపు ఈ కాయలను ఖర్బూజ బంధువులని గుర్తించుట సామాన్యునకు కష్టము. పాశ్చాత్యుడు కూరగా వండుకొను దానిని కుకుంబరనియు, పండుగా తిను దానిని మెలన్ అనియు పిలువ నలవాటుపడినవాడు. ఆ కన్నుతో చూచుటచేతనే దోస కుకుంబరయ్యెను.

2

ఇక తెలుగు పేర్లను పరిశీలింతము. తెలుగున 'దోస' ఒక జాతికి మాత్రమే చెందిన పేరు కాదు. అది ఒక కుదురు. దాని నుండి విశేషణములు చేర్చుకొని శాఖలు బయలుదేఱినవి. పొడవుగా పెరుగునది నక్కదోస. చిన్నకాయలు కాచునది బుడమదోస. దీనినే తెలంగాణమున బుడంకాయ యందురు. ముండ్లు గలది ములుదోస. పండుగా తినదగినది దోసపండు. వీనిలో నక్కదోస, బుడమ, పప్పుదోస అనునవి ఖర్బూజ జాతికి చెందినవి. ములుదోస యనుపేరు కీరకు సరిపోవునని తలంచుట సహేతుకము. ఏలయన పిందెపై ముండ్లుండుట కీర లక్షణమని పైని చూచితిమి. పొరుగున కన్నడమున గూడ 'సౌతె' యను కుదురునకు ముల్లును చేర్చి 'ముళ్ళుసౌతె' యని కీరను పిలుచుట దీనికి బలమిచ్చుచున్నది. తమిళ మలయాళములలో 'వెళ్ళరి' కుదురు. నాలుగు పొరుగు భాషలలో మూడు కుదుళ్ళు గలవు గాని, కుదురొకటి, భేదము విశేషణముచేత నెఱుగుట అను పద్ధతి మాత్రము సమానము.

ఇందొక విశేషము గమనింపదగినది. తెలుగువాడు కీరను దోసలో ఒక భేదముగా చేర్చెను. కాని దోసను కీరలో ఒక భేదముగా చేర్పలేదు. అనగా అతనికి మూలమైనది, పెరటికి సహజమైనది ఖర్బూజ జాతి దోస. 'కీర' యనుమాట ఉత్తరాది 'ఖీరా' నుండి వచ్చి చేరినది. అది వాడుకలో స్థిరపడుటతో ములుదోస యను పేరు వెనుకబడెను. నేడు 'కీరదోస' యని రెండు మాటలును కలిపి పలుకువారున్నారు. పాత కుదురు ఇంకను విడువలేదనుట కది సాక్ష్యము.

తెలుగు బైబిలు అనువాదము ఈ సందర్భమున ఒక విలువయిన ఆధారము. సంఖ్యాకాండము 11వ అధ్యాయమున ఇశ్రాయేలీయులు ఎడారిలో ఐగుప్తు దేశపు ఆహారమును తలంచుకొను ఘట్టము కలదు. అచ్చట ఇంగ్లీషు బైబిలులో 'కుకుంబరులు, మెలనులు' అని వరుసగా నున్న రెండు పదములకు తెలుగున 'కీరకాయలు, దోసకాయలు' అను మాటలు వాడబడినవి. నిఘంటువు దోసను కుకుంబరనుచుండగా, రెండింటిని ప్రక్కప్రక్కన చెప్పవలసి వచ్చినపుడు అనువాదకుల తెలుగు చెవి దోసను మెలన్ వైపునకే చేర్చినది. యెషయా గ్రంథము మొదటి అధ్యాయమున కాపలా గుడిసె గల తోటను చెప్పునపుడు మాత్రము కుకుంబరు తోటకు దోసపాదులనుటయే వారికి తోచినది. ఇది పరస్పరవిరుద్ధముగా కనబడవచ్చును. కాని ప్రాచీన మధ్యధరా ప్రాంతపు చిత్రములను, గ్రంథములను పరిశీలించి 2007లో వెలువడిన ఒక అధ్యయనము, ఆ కాలమున కుకుంబరని అనువదింపబడుచు వచ్చిన కాయ నిజమునకు పొడవైన ఖర్బూజ జాతి కాయయే యనియు, కీర ఆ దేశముల కప్పటికి చేరలేదనియు తేల్చినది. అనగా యెషయా గ్రంథపు తోటకు మన నక్కదోస పాదులే చేరువ చుట్టములు. అనువాదకులు ఎఱిగి చేసినది కాకపోయినను, ఇచ్చట తెలుగుమాట ఇంగ్లీషుమాట కంటె సత్యమునకు దగ్గఱగా నున్నది.

3

సంస్కృత వాఙ్మయమునను ఈ భేదము కనబడును. వైద్యగ్రంథములు 'త్రపుస' మనియు, 'ఏర్వారుక' మనియు, 'కర్కారుక' మనియు వేఱు పేర్లు చెప్పుచున్నవి. త్రపుసము కీర యనుట ప్రసిద్ధము. సుశ్రుత సంహితలో వీనితో పాటు 'శీర్ణవృంత' మను పేరొకటి కలదు. శిథిలమయిన తొడిమ గలది యని దాని అర్థము. ఋగ్వేదము ఏడవ మండలమున మృత్యుబంధము నుండి విముక్తిని కోరు ప్రసిద్ధ మంత్రమున గల ఉపమానము ఉర్వారుకము. ఆ పదమునకు తెలుగు వ్యాఖ్యాతలు సామాన్యముగా దోసపండనియే అర్థము చెప్పుదురు.

ఈ ఉపమానమును పెరటిలో నిలిచి పరీక్షింపవచ్చును. ఖర్బూజ జాతిలోని పెక్కు తెగలలో కాయ పండునప్పటికి తొడిమకును కాయకును నడుమ ఒక విడివడు పొర ఏర్పడును. పండు తనంత తానే తీగను విడుచును. చేతితో లాగనక్కఱలేదు, తీగకు గాయము కాదు. ఖర్బూజ సేద్యగాండ్రు పక్వమును గుర్తించుటకు ఈ లక్షణమునే చూతురు. కీరకు ఈ లక్షణము లేదు. అది పసుపువన్నెకు తిరిగి మెత్తబడి కుళ్ళునంతవఱకు తొడిమను పట్టుకొనియే యుండును. కావున ఉర్వారుకమును కుకుంబరని అనువదించినచో ఉపమానమునకు ప్రాణమే పోవును. దోసపండన్న తెలుగు వ్యాఖ్యాతలు మంత్రార్థమును సరిగా పట్టుకొనిరి. 'శీర్ణవృంత' మను పేరును ఈ స్వభావమునే సూచించుచున్నది.

4

జన్మస్థానమును గుఱించి యొక మాట. కీర హిమాలయ పాదభూములలో పుట్టినదను విషయమున అభిప్రాయభేదము తక్కువ. రాయిల్ 1835లో ఆ ప్రాంతపు అడవి కీరను హార్డ్‌విక్ పేరిట వర్ణించెను. చిన్నదై మిక్కిలి చేదుగా నుండు ఆ కాయ నేటి కీరకు మూలమని అంగీకరింపబడినది. ఆల్ఫోన్స్ ద కందోల్ 1882లో సేద్యపు మొక్కల జన్మస్థానములను చర్చించుచు కీరను భారతదేశపుదనియే నిర్ణయించెను. ఖర్బూజ జాతి మాత్రము ఆఫ్రికాలో పుట్టినదని చిరకాలము భావించిరి. 2010లో వెలువడిన జన్యుపరిశోధన దానికి సమీపబంధువులయిన అడవి జాతులు ఆసియా, ఆస్ట్రేలియా ఖండములలో ఉన్నవని చూపి ఆ భావనను మార్చినది. దోసయు, కీరయు రెండును మన వైపు మొక్కలే యని నేడు చెప్పవచ్చును.

తెలుగునేలపై ఈ మొక్కలను శాస్త్రదృష్టితో చూచిన తొలి పాశ్చాత్యులలో విలియం రాక్స్‌బర్గు ముఖ్యుడు. ఇతడు 1780వ దశకమున సామర్లకోటలో నివసించి, 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారిగా వెళ్ళెను. ఇతని 'ఫ్లోరా ఇండికా' మూడు సంపుటములుగా 1832లో వెలువడినది. పెక్కు మొక్కలకు తెలుగు పేర్లను గూడ చేర్చి వ్రాయుట ఇతని పద్ధతి. పొడవు దోసకు ఇతడు పెట్టిన పేరు 'కుకుమిస్ యుటిలిస్సిమస్'. మిక్కిలి ఉపయోగకరమైనదని దాని అర్థము. లేతది పచ్చిగాను, ముదిరినది కూరగాను వాడుటయే గాక, జనులు గింజలను ఎండించి పిండిచేసి తినుటయు, వానినుండి తీసిన నూనెను వంటకును దీపమునకును వాడుటయు ఇతడు వర్ణించెను. నేటి శాస్త్రము ఈ పేరును రద్దుచేసి ఆ దోసను ఖర్బూజ జాతిలో చేర్చినది. పేరు పోయినను, పేరులోని ప్రశంస సార్థకమయినది.

5

ఆ ప్రశంస తెలుగు వంటయింటికి బాగుగా చెల్లును. గట్టి పప్పుదోస వారములకొలది చెడకుండ నిలుచును. ఆకుకూరలు వాడిపోవు ఎండకాలమున ఇల్లాలికి ఇది పెద్ద అండ. పప్పు, పులుసు, కాల్చిన పచ్చడి, ముక్కల పచ్చడి, దోసావకాయ ఇందుతో అగును. మామిడి ఆవకాయ ఏడాదికొక మారు పెట్టుదురు. దోసావకాయ కొద్దికొద్దిగా, కాయ దొరకినపుడెల్ల పెట్టి కొలది దినములలో వాడుకొందురు. గింజల పొట్టు తీసిన దోసపప్పు మిఠాయిలలో చేరును. ఎక్కువగా కాచిన యేడు దోసను, బుడమను చక్రములుగా తఱిగి ఉప్పుపట్టించి ఎండబెట్టి వరుగు చేయుదురు. వానకాలమున వరుగులు, వడియములు ఇంటి కాధారమగుట 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుని అతిథిసేవా ఘట్టమువలన తెలియుచున్నది. పదునాఱవ శతాబ్ది ఆరంభమునకే కూరలను ఎండించి నిలువ చేయుట గృహస్థధర్మములో భాగమై యుండెను.

పాదు పెట్టు విధానము సులభమే. వేసవి పంటకు మాఘమాసమునకు అటునిటుగాను, వానకాలపు పంటకు తొలకరిలోను గింజ నాటుదురు. జానెడు లోతున గుంటదీసి, చివికిన పశువుల ఎరువును బూడిదను మంటితో కలిపి నింపి, నాలుగైదు గింజలు పెట్టి, మొలచిన పిమ్మట బలమైన రెండింటిని నిలుపుదురు. తీగ నేలపై ప్రాకును. స్థలము చాలనిచోట పందిరి కెక్కింతురు. నీరు నిలిచిన వేరు కుళ్ళును. అందువలననే వేసవిలో ఏటి ఇసుకమేటలును లంకభూములును దోసకును ఖర్బూజకును అనుకూలములయ్యెను. కాయ పట్టిన పిమ్మట నీరు తగ్గించుట రుచికి మేలు.

6

ఇచ్చట అసలు చిక్కు వచ్చుచున్నది. కీరకును దోసకును సంకరము లేదంటిమి. కాని ఖర్బూజ జాతిలోని తెగలన్నియు తమలో తాము స్వేచ్ఛగా సంకరమగును. పప్పుదోస ప్రక్కన బుడమ గాని, నక్కదోస గాని, తీయని ఖర్బూజ గాని పూచినచో తుమ్మెదలు పుప్పొడిని మార్చును. ఈ మార్పు ఆ యేటి కాయలో కనబడదు. కాయ తల్లితీగ స్వభావముననే రూపొందును. దానిలోని గింజలో మాత్రము సంకరము దాగియుండి, మఱుసటి యేడు నాటినపుడు బయటపడును. అపుడు వచ్చిన కాయ పప్పునకు చప్పనగును, లేదా పండునకు పుల్లనగును, కొన్నిమారులు చేదగును. పెరటివారు గింజ చెడినదని దానిని పాఱవైచి అంగడి విత్తనము కొందురు. మూడు తరముల దోస ఒక్క యేట ముగియును.

చేదునకు కుకుర్బిటాసినులు అను రసాయనములు కారణము. అడవి జాతులలో ఇవి మెండు. పురుగులనుండియు, మేయు పశువులనుండియు మొక్కను కాపాడునవి ఇవియే. కీరలో చేదును నియమించు జన్యువులను గుర్తించి, మనుష్యుడు చేదులేని కాయలను ఎన్నుకొనుటవలననే నేటి కీర ఏర్పడెనని 2014లో శాస్త్రజ్ఞులు చూపిరి. దోసను తఱుగునపుడు చిన్న ముక్క నోట వేసికొని చూచు ఇల్లాలు ఈ ఎన్నికనే నేటికిని సాగించుచున్నది. చేదు కాయ గింజను ఆమె విత్తనమునకు ఉంచదు. ఇట్లు వంటయింటి నాలుక విత్తనపు చరిత్రను నడిపించినది. దీనికి శాసనము లేదు, తాళపత్రము లేదు, ప్రమాణము గింజయే.

ఈ గింజల విలువ దూరదేశములందును ఋజువయినది. 1925 తరువాత అమెరికాలోని కాలిఫోర్నియాలో బూడిద తెగులువలన ఖర్బూజ తోటలు దెబ్బతిన్నవి. ఆ తెగులునకు తట్టుకొను గుణము భారతదేశమునుండి తెప్పించిన విత్తనములలో లభించినది. దానిని అచ్చటి పండుతో కలిపి సాధించిన 45వ సంఖ్య రకము 1936లో విడుదలయి ఆ సేద్యమును నిలబెట్టినది. ఆ గింజను మన దేశమున ఎవరి పెరటివారు, ఏ సేద్యగాడు కాపాడెనో గ్రంథములు చెప్పవు. పేరులేని ఆ రక్షకులవంటి వారే మన దోస చరిత్రకు కర్తలు.

విత్తనమును కాపాడుటకు పెద్ద సాధనములు అక్కఱలేదు. వికసింపనున్న ఆడపూవును ముందునాటి సాయంకాలమే దారముతో కట్టి, మఱునాటి ప్రొద్దున విప్పి, అట్లే కట్టియుంచిన అదే రకపు మగపూవు పుప్పొడిని అద్ది, మరల కట్టవలెను. ఆ కాయకు గుర్తుగా రంగుదారము కట్టి తీగపైననే బాగుగా పండనీయవలెను. కోసిన పిమ్మట కొన్ని దినములు నీడనుంచి, గింజలను గుజ్జుతో ఒకటి రెండు దినములు నానబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టి, బూడిదతో కలిపి దాచవలెను. తేమ తగులని గింజ అయిదేండ్ల వఱకు మొలకెత్తును.

విదేశములందలి తెలుగువారికి ఈ భేదజ్ఞానము మఱింత అవసరము. అమెరికాలో ఇంటి వెనుక దోస పెంచువారు అనేకులున్నారు. అచ్చటి విత్తనపు పట్టికలలో మన దోస తఱచు కుకుంబరు శీర్షిక క్రిందనే చేరును. దాని ప్రక్కన 'లెమన్ కుకుంబరు' అను మఱియొకటి యుండును. అదియు గుండ్రము, పసుపు. చూపునకు దోస కవలవలె నుండును. కాని అది నిజమయిన కీర. దానిని దోస ప్రక్కన నాటిన విత్తనమునకు భయము లేదు. భయమంతయు వారు వేఱు మొక్కయని తలంచి ప్రక్కమడిలో పెట్టిన ఖర్బూజవలననే. పట్టికలోని శీర్షికను నమ్మినవాడు దోసను కీరకు దూరముగా నాటి, ఖర్బూజకు చేరువగా నాటును. పేరు తప్పగా పెరడు తప్పును.

7

పైవిచారణవలన తేలిన దిది. దోస యనునది తెలుగున ఒక కుదురు పదము. దాని నడిబొడ్డున నున్నది ఖర్బూజ జాతి కాయ. నక్క, బుడమ, ములు మొదలగు విశేషణములు అలంకారములు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క విత్తనమునకు గుర్తు. అనువాదమున ఒక్క కుకుంబరు పదమే నిలుచుటచే ఈ గుర్తులు చెరిగినవి.

మాండలిక పదములను సేకరించు పరిశోధక విద్యార్థులు ఇకముందు దోస భేదముల పేరు వ్రాసికొనునపుడు ఆకు, పిందె, పండు లక్షణములను గూడ వ్రాసికొనవలెను. వీలయినచో గింజను గూడ సేకరింపవలెను. 1976లో ఏర్పడిన జాతీయ వృక్షజన్యువనరుల సంస్థకు హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రము కలదు. 2001 నాటి వృక్షరకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము రైతులు తమ విత్తనమును దాచుకొనుటకు, మార్చుకొనుటకు, తమ రకములను నమోదు చేసికొనుటకు హక్కు నిచ్చినది. హక్కును వినియోగించుకొనుటకు రకమునకు ఒక పేరు కావలెను. ఆ పేరు గ్రామమున వృద్ధుల నోట నున్నది. దానిని అర్థముతో సహా పట్టుకొనుట భాషాశాఖల పని. మాట పోయిన పిమ్మట గింజ మిగిలినను దానిని గుర్తుపట్టువారుండరు. గింజ పోయిన పిమ్మట మాట మిగిలినచో అది నిఘంటువులో ఒక పంక్తి మాత్రమే యగును.